అమ్మ రాగం పేరు చెబుతుంది, ప్లేయర్ వెతికి పెట్టాలి

మా అమ్మ ఎప్పుడూ ఆల్బం పేరు చెప్పదు. పాడిందెవరో కూడా ఒక్కోసారి చెప్పదు. "మోహన ఏదైనా పెట్టవే" అంటుంది, అంతే. ఇంట్లో పాటలకి ఏ ప్లేయర్ సాఫ్ట్‌వేర్ పెట్టుకోవాలో తేల్చుకునేటప్పుడు నేను చూసుకున్నది ముఖ్యంగా ఇదే.

మా దగ్గరున్నది పెద్ద సెటప్ ఏం కాదు. పాత విండోస్ ల్యాప్‌టాప్, డిజిటల్ పాటని ఆంప్లిఫయర్‌కి అందే సిగ్నల్‌గా మార్చే యూఎస్‌బీ డాక్ (DAC), ఆంప్లిఫయర్, రెండు బుక్‌షెల్ఫ్ స్పీకర్లు. నాన్న కొన్న సీడీలన్నీ నాణ్యత తగ్గకుండా దాచే ఫ్లాక్ ఫైళ్లుగా రిప్ చేసి హార్డ్ డిస్క్‌లో పెట్టాను.

ఏ ప్లేయర్‌లో సౌండ్ బాగుంటుందని నన్ను చాలామంది అడుగుతుంటారు. ఫ్లాక్‌లో ఏదీ పోదు కాబట్టి, ఏ ప్లేయర్‌తో ప్లే చేసినా సీడీలో ఉన్న డేటానే బయటికొస్తుంది. దాన్ని మార్చేది మధ్యలో ఉండి, కంప్యూటర్ శబ్దాలన్నిటినీ కలిపే విండోస్ మిక్సర్. మా డాక్‌కి చిన్న డిస్‌ప్లే ఉంది. సీడీ పాట 44.1 కిలోహెర్ట్జ్‌లో ఉన్నా, దాని మీద మాత్రం 48 అని కనిపించేది. ప్లేయర్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్‌ని ఎక్స్‌క్లూజివ్ మోడ్‌లో (మిక్సర్‌ని దాటి, డాక్‌ని ప్లేయర్ ఒక్కటే వాడుకునేలా) పెట్టగానే 44.1కి మారింది. నా చెవికి పెద్ద తేడా తెలియలేదు కానీ, ఆలాపన మధ్యలో మెయిల్ వచ్చినప్పుడు మోగే టింగుమనే శబ్దం మాత్రం ఆగిపోయింది. నాకు ఆ లాభం చాలు.

నేను అస్సలు రాజీపడనిది గ్యాప్‌లెస్ విషయంలో, అంటే ట్రాక్‌కీ ట్రాక్‌కీ మధ్య ఖాళీ రాకుండా ప్లే చేయడంలో. కచేరీ సీడీల్లో ఆలాపన ఒక ట్రాక్, కీర్తన ఒక ట్రాక్, తని ఆవర్తనం (మృదంగం లాంటి లయ వాద్యాల సోలో) ఇంకో ట్రాక్‌గా కోసి పెడతారు. పల్లవి అందుకునే చోట అర సెకను నిశ్శబ్దం వచ్చినా ప్రాణం ఉసూరుమంటుంది. ఎంపీ3 చేసేటప్పుడు ఎన్‌కోడర్ ఫైలు మొదట్లో, చివర్లో కొంచెం ఖాళీ కలుపుతుంది. దాన్ని ప్లేయర్ గుర్తించి కత్తిరించాలి. ఫ్లాక్‌కి ఆ బాధ లేదు. ప్లేయర్ చేయాల్సిందల్లా తర్వాతి ట్రాక్‌ని ముందే సిద్ధంగా ఉంచుకోవడం.

ఇక ట్యాగ్‌లు, అంటే పాట ఫైల్లోనే రాసుండే వివరాలు. అసలు పనంతా ఇక్కడే ఉంది. ఆర్టిస్ట్ దగ్గర పాడినవాళ్లు, కంపోజర్ దగ్గర సినిమా పాటైతే సంగీత దర్శకుడు, కీర్తనైతే వాగ్గేయకారుడు. ఈ రెండూ విడివిడిగా ఉంటేనే ఘంటసాల పాడినవి ఏవి, ఘంటసాల స్వరపరిచినవి ఏవి అన్నది వేరుగా తీయగలం. రాగం కోసం మాత్రం సొంతంగా ఇంకో ట్యాగ్ కావాలి. చాలా ప్లేయర్లు ఆగిపోయేది ఇక్కడే. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద నడిచే ఎంపీడీ అనే ప్లేయర్ చాలా తేలికైనది, నమ్మకమైనది, కానీ దానికి తెలిసిన ట్యాగ్‌ల జాబితా దానికుంది. మనం కొత్తగా కలిపింది అది చూడదు. రూన్ కళాకారుల వివరాలు అందంగా చూపిస్తుంది, కానీ డబ్బు కట్టాలి. సొంత సీడీలు వినడానికి ఆ ఖర్చు నాకు దండగనిపించింది. మ్యూజిక్‌బీ ఉచితమే, సొంత ట్యాగ్‌లూ పెట్టుకోనిస్తుంది, చూడ్డానికీ బాగుంటుంది.

నేను చివరికి ఎంచుకున్నది ఫూబార్ 2000. 2002 నుంచీ ఉన్న సాఫ్ట్‌వేర్, అదీ ఉచితమే. పైకి బోసిగా కనిపిస్తుంది కానీ దాని సెర్చ్ ముందు నాకు ఇంకేదీ ఆనలేదు. రాగం ట్యాగ్‌లో మోహన "ఉన్నవి" అని అడిగితే మోహనకల్యాణి కూడా వచ్చేస్తుంది. కచ్చితంగా మోహన "అయినవి" అని అడిగితే మోహన మాత్రమే వస్తుంది. రాగమాలికకైతే రాగాలన్నీ మధ్యలో సెమికోలన్ పెట్టి రాస్తాను, అప్పుడు ఏ రాగం అడిగినా అది దొరుకుతుంది. తెలుగు లిపిలో రాసినా ఏ ఇబ్బందీ లేదు. తోడికి ఇంగ్లీషులో హెచ్ ఉందా లేదా అన్న తలనొప్పి కూడా తప్పింది. కల్యాణి, కళ్యాణి అని రెండు రకాలుగా రాయకుండా చూసుకుంటే చాలు.

ఫూబార్‌కి బీఫ్‌వెబ్ అనే కాంపొనెంట్ (అదనపు భాగం) వేస్తే ఇంట్లో వైఫై మీద ఫోన్ బ్రౌజర్‌లోంచి పాట మార్చుకోవచ్చు. అమ్మ కోసం రాగానికొకటి చొప్పున ప్లేలిస్టులు చేసి, వాటికి తెలుగులో పేర్లు పెట్టాను. ఇప్పుడు మోహన ఆవిడే పెట్టుకుంటోంది.