కోసింది పొట్టలో, నొప్పి భుజంలో

నూనె వంటకాలు తిన్న రాత్రి ఆ నొప్పి తప్పేది కాదు. కుడివైపు పక్కటెముకల కింద మొదలై వీపులోకి పాకేది. పడుకున్నా, లేచి తిరిగినా ఊరుకోదు. కొన్ని గంటలు ఏడిపించి దానంతట అదే పోయేది. ఇంట్లో అందరూ గ్యాస్ అని తేల్చేశారు. అత్తయ్యగారు వాము నమిలించారు. మావారు యాంటాసిడ్ సీసా తెచ్చారు.

గుంటూరులో సర్జన్ గారు పక్కటెముకల కింద వేళ్ళు నొక్కిపెట్టి ఊపిరి బాగా పీల్చమన్నారు. నొప్పికి సగంలోనే ఆగిపోయాను. స్కానింగ్‌లో పిత్తాశయం (గాల్ బ్లాడర్) నిండా చిన్న రాళ్ళు కనిపించాయి. చిన్నవే కదా అని సంబరపడబోతే, చిన్నవే జారి పైత్య నాళంలో ఇరుక్కుంటాయని, అప్పుడు కామెర్లో, క్లోమం (పాంక్రియాస్) వాపో రావచ్చని చెప్పి, పిత్తాశయాన్ని ఆపరేషన్ చేసి తీసేయాలన్నారు.

ఈ లోపు బంధువుల వైద్యం మొదలైంది. అరటి దూట రసం, కొండపిండి ఆకు, ఉలవకట్టు. అవన్నీ మూత్రపిండాల్లో రాళ్ళకు చెప్పుకునేవి. పిత్తాశయంలోని రాళ్ళు ఎక్కువగా కొలెస్ట్రాల్ గట్టిపడి తయారవుతాయి, మూత్రంలో పోవడానికి వాటికి దారే లేదు. "ఉన్న అవయవం తీసేస్తే అన్నం ఎలా అరుగుతుందండీ?" అని అత్తయ్యగారు డాక్టరుగారినే నిలదీశారు. పైత్యరసాన్ని తయారు చేసేది కాలేయం, పిత్తాశయం దాన్ని దాచిపెట్టే సంచి మాత్రమే, అది లేకపోతే రసం నేరుగా పేగులోకి వెళ్తుందని ఆయన ఓపికగా చెప్పారు.

నా భయం వేరు. మా పెద్దమ్మకు 1988లో ఇదే ఆపరేషన్ అయింది. జానెడు కోత, చాలా రోజుల మంచం. జర్మనీలో ఎరిక్ మ్యూహే 1985లోనే చిన్న రంధ్రాల గుండా పిత్తాశయాన్ని తీశారు కానీ, మన దేశంలో ఆ పద్ధతి 1990లో ముంబైలో డాక్టర్ తెహెమ్టన్ ఉద్వాడియాతో మొదలైంది. పెద్దమ్మకు ఆ అదృష్టం అందలేదు. నాకు అందినా, అవసరమైతే పొట్ట కోసి చేస్తామన్న కాగితం మీద సంతకం పెట్టమన్నారు. పిత్తాశయం నాళం, దాని రక్తనాళం విడివిడిగా స్పష్టంగా కనిపించనిదే వాటిని మూసే క్లిప్పు వేయనని, కనిపించకపోతే మొండికేయకుండా పొట్ట కోసి చేస్తానని సర్జన్ గారు అన్నారు. ఆ మాటతోనే నాకు ఆయన మీద గురి కుదిరింది.

కోయాల్సిన అవసరం రాలేదు. బొడ్డు దగ్గర ఒకటి, పైన మూడు చిన్న గాట్లు. మెలకువ వచ్చాక పొట్ట నొప్పి ఓర్చుకోగలిగినంతే. రాత్రికి మాత్రం కుడి భుజం పీకడం మొదలైంది. గుండెకేమైనా అయిందా అని హడలిపోయాను. లోపల కనిపించడానికి పొట్టను కార్బన్ డయాక్సైడ్‌తో ఉబ్బిస్తారట; దానివల్ల ఉదరవితానం (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరం) చికాకు పడితే, అక్కడి నరమూ భుజం నరాలూ వెన్నుపాములో ఒకేచోట కలుస్తాయి కాబట్టి నొప్పి భుజంలో తెలుస్తుందట. నర్సు అప్పుడు చెప్పింది. ఈ ఒక్క ముక్క ముందే చెప్పి ఉంటే వాళ్ళ సొమ్మేం పోయేది? లేచి మెల్లగా నడుస్తుంటే కాస్త నయమనిపించింది. ఇంటికొచ్చిన కొద్ది రోజులకు పూర్తిగా పోయింది.

మొదట్లో ఇడ్లీ, పెరుగన్నం, పలుచని పప్పు. కాస్త నూనె ఎక్కువైతే విరేచనాలయ్యేవి. వారాలు గడిచేకొద్దీ తగ్గాయి. నీళ్ళ బిందె, సిలిండరు జోలికి వెళ్ళనివ్వలేదు. తీసిన పిత్తాశయాన్ని బయాప్సీకి పంపారు. ఇంటికి వచ్చేశాక ఆ రిపోర్టు సంగతి చాలామంది పట్టించుకోరు, మీరు తప్పకుండా అడిగి తెచ్చుకోండి. నాది దీర్ఘకాలిక వాపు మాత్రమే, క్యాన్సర్ కాదని వచ్చింది.