నాలుగు తూటాలు ఎటు పోయాయి?

పరీక్ష లెక్క ప్రకారం మొదటిసారి యాభై తూటాలూ కాల్చి చూసుకున్న రోజు నాకు 250కి 198 వచ్చాయి. టెక్సస్‌లో లైసెన్స్ టు క్యారీ, అంటే పిస్తోలు వెంట పెట్టుకుని తిరగడానికి ఇచ్చే లైసెన్సుకి 175 వస్తే చాలు. మా ఆయన స్కోరు చూసి "ఇంకేం, పాసైపోయినట్టేగా, వచ్చే శనివారం వెళ్ళి పరీక్ష ఇచ్చేసెయ్" అన్నారు. నేను ఆ టార్గెట్ కాగితం ముందు నిలబడి చిల్లులు లెక్కపెడుతున్నాను. నలభై ఆరు. మళ్ళీ లెక్కపెట్టాను, వేలు పెట్టి ఒక్కొక్కటీ. నలభై ఆరే.

నాలుగు తూటాలు కాగితానికే తగల్లేదు. కాల్చడం సాధన చేసే రేంజ్‌లో వెనకాల అడ్డు ఉంటుంది కాబట్టి అది ఆపేసింది. నేను రాత్రి పదింటికి ఫార్మసీ మూసి ఒక్కదాన్నే కారు దాకా నడిచే పార్కింగ్‌లో వెనకాల ఏముంది? పిల్లల కరాటే క్లాసు, దాని పక్కన టిఫిన్ హోటలు, ఆ రెండింటికీ నిలువెత్తు అద్దాలు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పరీక్ష నెలన్నర వాయిదా వేసుకున్నాను. ఆ నెలన్నరలో నేర్చుకున్నది మన ఆడవాళ్ళలో ఎవరికైనా పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందు ఒక ముఖ్యమైన విషయం, దయచేసి దాటేయకండి. హెచ్‌వన్‌బీ, ఎఫ్‌వన్ లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. హంటింగ్ లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులు ఉన్నాయి కానీ లాయర్‌ని అడగకుండా, ఫ్రెండ్ చెప్పాడని రేంజ్‌కి వెళ్ళి సరదాగా కాల్చి ఫొటోలు పెట్టకండి. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్ళు, సిటిజన్లు మిగతా అర్హతలుంటే లైసెన్సుకి దరఖాస్తు చేసుకోవచ్చు. నేను గ్రీన్‌కార్డు వచ్చాకే మొదటిసారి పిస్తోలు ముట్టుకున్నాను. అంతకుముందు నాకు తెలిసిన తుపాకీ అంటే కోటప్పకొండ తిరునాళ్ళలో బెలూన్లు పేల్చేదే.

"2021 సెప్టెంబరు 1 నుంచి లైసెన్స్ లేకుండానే పెట్టుకోవచ్చు కదా, మళ్ళీ ఈ పరీక్ష ఎందుకు?" అని చాలామంది అడిగారు. నిజమే, 21 ఏళ్ళు నిండి, చట్టపరంగా అడ్డేమీ లేనివాళ్ళకి ఆ వెసులుబాటు ఉంది. కానీ స్కూలు చుట్టూ వెయ్యి అడుగుల లోపు తుపాకీతో తిరగకూడదని ఫెడరల్ చట్టం ఒకటుంది, రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ ఉన్నవాళ్ళకి దాన్నుంచి మినహాయింపు. మా ఊళ్ళో ఏ రోడ్డు పట్టుకున్నా ఏదో ఒక స్కూలు తగులుతుంది. పైగా ఈ లైసెన్సుని చాలా రాష్ట్రాలు ఒప్పుకుంటాయి. ఇవన్నీ సరే, అసలు కారణం వేరే. ఎవరూ పరీక్షించకుండా ఆ వస్తువుని నడుముకి కట్టుకుని నలుగురి మధ్యకి వెళ్ళడానికి నాకు మనసొప్పలేదు.

పరీక్ష ఎలా ఉంటుందంటే, బీ-27 అనే మనిషి ఆకారపు టార్గెట్ మీద మూడు గజాల నుంచి ఇరవై, ఏడు గజాల నుంచి ఇరవై, పదిహేను గజాల నుంచి పది తూటాలు కాల్చాలి. మన క్రికెట్ పిచ్ ఇరవై రెండు గజాలు, అంటే ఎక్కువలో ఎక్కువ దూరం కూడా పిచ్‌లో మూడింట రెండు వంతులే, దగ్గరిది హాల్లో సోఫా నుంచి టీవీ అంత. మధ్యలోని వలయాల్లో పడితే 5, దాని బయటి ఏడో వలయంలో 4, బొమ్మ మీద ఇంకెక్కడ పడినా 3. టైము కట్టి కాల్పిస్తారు. మూడు గజాల దగ్గర ఒక్కో తూటాకి రెండు సెకన్లు, తర్వాత రెండేసి తూటాలకి మూడు సెకన్లు, ఆ తర్వాత ఐదింటికి పది సెకన్లు. దూరం పెరిగేకొద్దీ టైము కొంచెం పెంచుతారు. ఒర నుంచి తీయక్కర్లేదు, చేతిలో సిద్ధంగా పట్టుకునే మొదలుపెట్టొచ్చు.

చదివితే తేలిగ్గానే ఉంది కదా. నిజంగానే తేలిక. కానీ యాభైలో నలభై ఆరు తగిలించి పాసయ్యే పరీక్ష అది, ఆ మిగతా నాలుగింటి గురించి పరీక్ష ఏమీ అడగదు. దాని గురించి మనమే అడుక్కోవాలి.

నా మొదటి తప్పు తుపాకీ ఎంపికలోనే జరిగింది. షాపులో అమ్మే అబ్బాయి నా వైపు ఒకసారి చూసి, అరచేతిలో ఇమిడిపోయే చిన్న పిస్తోలు తీసి "ఇది లేడీస్‌కి బావుంటుంది" అన్నాడు. ముద్దుగా ఉంది, బరువు లేదు, కొనేశాను. బరువు లేని పిస్తోలు చేతిలో ఎంత ఎగిరిపడుతుందో కాల్చాక తెలిసింది. బరువైన పిస్తోలు ఆ కుదుపుని కొంత తనే మింగేస్తుంది, చిన్నది మొత్తం మన మణికట్టుకే ఇస్తుంది. పైగా పట్టు చిన్నది కాబట్టి చిటికెన వేలికి చోటు ఉండదు. ఇది నాకు ఎవరూ ముందు చెప్పలేదు, అందుకే ఇక్కడ గట్టిగా చెప్తున్నా: కొనేముందు రేంజ్‌లో అద్దెకిచ్చే వాటిలో నాలుగైదు రకాలు కాల్చి చూడండి. నేను చివరికి స్మిత్ అండ్ వెసన్ వాళ్ళ షీల్డ్ ఈజెడ్, తొమ్మిది ఎంఎం తీసుకున్నాను. దాని స్లైడ్, అంటే తూటా ఎక్కించడానికి వెనక్కి లాగే పై భాగం, తేలిగ్గా వెనక్కి వస్తుంది, అదే నాకు కావాల్సింది.

స్లైడ్ సంగతి కూడా చెప్పాలి. చాలామంది ఆడవాళ్ళు "నాకు బలం చాలదు" అని ఇక్కడే వదిలేస్తారు. మా ఇన్‌స్ట్రక్టర్ పోలీసు డిపార్ట్‌మెంటులో పనిచేసి రిటైరైన ఆవిడ, నాకన్నా సన్నగా ఉంటారు. ఆవిడ నేర్పింది ఏమిటంటే, పిస్తోలుని ఒంటికి దగ్గరగా తెచ్చుకుని, గొట్టం మాత్రం ఎదురుగా టార్గెట్ వైపే ఉంచి, ఎడమ చేత్తో స్లైడ్‌ని గట్టిగా పట్టుకుని కుడి చేత్తో పిస్తోలునే ముందుకి తోయడం. లాగడం కన్నా తోయడంలో బలం ఎక్కువ వస్తుంది. రెండు రోజుల్లో అలవాటైపోయింది.

ఇంకోటి, నా కుడి చేతికి ఎడమ కన్ను యజమాని అని నలభై ఏళ్ళొచ్చాక తెలిసింది. రెండు అరచేతుల మధ్య చిన్న సందు చేసి, అందులోంచి దూరంగా గోడ గడియారాన్ని చూస్తూ ఒక్కో కన్నూ మూయండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు గడియారం సందులోనే కనిపిస్తుందో అదే మీ గురి కన్ను. నాది ఎడమది. తల కొంచెం కుడికి తిప్పి ఎడమ కంటి ముందుకి సైట్లు, అంటే పిస్తోలు మీద గురి చూసుకునే గుర్తులు, తెచ్చుకోవడం మొదలుపెట్టాక పదిహేను గజాల దగ్గర తూటాలు పక్కలకి పోవడం చాలా తగ్గింది.

అయినా కిందకి పోయేవి పోతూనే ఉన్నాయి, ఎడమ వైపు కిందకి. ఇన్‌స్ట్రక్టర్ ఒకరోజు నా మ్యాగజీన్, అంటే తూటాలు నింపే డబ్బా, తీసుకుని అటు తిరిగి నింపి ఇచ్చారు. కాల్చాను, పేలింది. మళ్ళీ పేలింది. మూడోది పేలలేదు. కానీ పిస్తోలు ముక్కు మాత్రం ఠక్కున కిందకి వంగింది. అది డమ్మీ తూటా. అసలు తూటాల మధ్య నాకు తెలియకుండా కలిపారు. శబ్దం లేదు, కుదుపు లేదు, అయినా నా చేతులు ముందే బెదిరి కిందకి నొక్కేశాయి. దీపావళికి టపాకాయ ముట్టించి, పేలకముందే భుజాలు ముడుచుకుంటాం చూడండి, అదే. ఆ ఉలికిపాటే నా నాలుగు తూటాల్ని బయటకి పంపింది. ఇన్నాళ్ళూ కుదుపు వల్ల అనుకున్నాను, కుదుపు వచ్చేలోపే నా చేతులు పని చెడగొడుతున్నాయి.

దానికి మందు ఖరీదైనదేమీ కాదు, ఇంట్లో ఖాళీ పిస్తోలుతో రోజూ పది నిమిషాలు. పిల్లలు స్కూలుకెళ్ళాక, తూటాలన్నీ వేరే గదిలో పెట్టి తలుపేసి, మ్యాగజీన్ తీసి, స్లైడ్ వెనక్కి లాగి లోపల కంటితో చూసి వేలు పెట్టి తడిమి, ఫైర్‌ప్లేస్ ఇటుక గోడ వైపు తిరిగి, ముందు సైట్ మీద చూపు నిలిపి ట్రిగ్గర్‌ని నిదానంగా వెనక్కి నొక్కడం. సైట్ కదలకూడదు. మొదటి వారం ప్రతిసారీ కదిలింది. మూడో వారానికి పదిలో ఎనిమిదిసార్లు కదల్లేదు. అయిపోగానే "ఇవాళ్టికి అయిపోయింది" అని పైకే అనుకుని లోపల పెట్టేసేదాన్ని, ఎందుకంటే మళ్ళీ తూటాలు నింపాక "ఇంకొక్కసారి" అనుకున్నప్పుడే ఇళ్ళల్లో గోడలకి చిల్లులు పడతాయని ఇన్‌స్ట్రక్టర్ మొదటిరోజే చెప్పారు. ఇందులో ఏ ఒక్క మెట్టూ దాటేయకండి. రోజూ చేస్తున్నాం కదా, ఖాళీయేలే అనుకోకండి.

మా అమ్మకి ఫోన్‌లో చెప్పినప్పుడు "ఏందే అమ్మాయ్, ఇంట్లో పిల్లలున్నారు, తుపాకీ ఎందుకే నీకు" అంది. తప్పు పట్టలేను. నాకూ అదే భయం. అందుకే పిస్తోలు కొనకముందే మీటలు నొక్కితే తెరుచుకునే చిన్న ఇనప పెట్టె కొని అల్మారా అడుగున బోల్టులతో బిగించాం. టెక్సస్ చట్టంలో 17 ఏళ్ళ లోపు పిల్లల చేతికి అందేలా తూటాలు నింపిన తుపాకీ వదిలేయడం నేరం, కానీ నాకు ఆ సెక్షన్ కన్నా మా చిన్నాడు స్టూలు వేసుకుని పప్పు డబ్బాల వెనకున్న చాక్లెట్లు కూడా తీసుకునే రకం అన్నదే ఎక్కువ గుర్తు. హ్యాండ్‌బ్యాగులో మాత్రం పెట్టనని ముందే అనుకున్నాను. మన ఇళ్ళల్లో ఫంక్షన్లకి బ్యాగులన్నీ ఒకే మంచం మీద గుట్టగా పడి ఉంటాయి, పిల్లలు వాటి మీదే ఆడుకుంటారు. చుడీదార్‌కి బెల్టు ఉండదు కాబట్టి నడుము చుట్టూ కట్టే వెడల్పాటి పట్టీ, ట్రిగ్గర్‌ని పూర్తిగా మూసే గట్టి ఒర ఉన్నది చూసి తీసుకున్నాను.

క్లాసు నాలుగు నుంచి ఆరు గంటలు, ఆన్‌లైన్‌లో కూడా చేయొచ్చు, నేను మాత్రం వెళ్ళి కూర్చున్నాను. ప్రాణం తీసేంత బలం ఎప్పుడు వాడొచ్చు, గొడవ పెరగకుండా ఎలా తప్పుకోవాలి, ఏ బోర్డు కనిపిస్తే లోపలికి తీసుకెళ్ళకూడదు, చివర్లో రాతపరీక్ష. ఆదాయంలో సగానికి పైగా అక్కడే తాగే మద్యం మీద వచ్చే బార్ల దగ్గర ఎర్రగా 51 శాతం అని రాసి ఉండే బోర్డు, లైసెన్స్ ఉన్నా పిస్తోలు దాచుకుని లోపలికి రావద్దని గుమ్మాల దగ్గర ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ ఉండే 30.06 బోర్డు, ఇవి ఇప్పుడు ఎక్కడికెళ్ళినా నా కళ్ళకి ముందు అవే కనిపిస్తున్నాయి. గుడికి వెళ్ళినా తలుపు దగ్గర ఆగి చదువుతున్నాను. తర్వాత దరఖాస్తు, వేలిముద్రలు, 40 డాలర్ల ఫీజు, అదంతా డ్రైవింగ్ లైసెన్స్ పనిలాంటిదే.

పరీక్ష రోజుకి చిన్న చిన్న జాగ్రత్తలు. మెడ మూసి ఉండే టీషర్టు, ముందు అంచు ఉన్న టోపీ వేసుకోండి, కాలిన తూటా గుల్లలు పిస్తోలులోంచి ఎగిరి మెడలో పడితే చురుక్కుమంటుంది, ఆ కంగారులో చేతిలో ఏముందో మర్చిపోతాం. ఇండోర్ రేంజ్ అయితే చెవుల్లో దూది లాంటి ప్లగ్గులు, వాటి మీద చెవులు మొత్తం మూసే మఫ్‌లు, రెండూ పెట్టుకోండి. పక్క లేన్‌లో ఎవరైనా రైఫిల్ కాలిస్తే ఛాతీలో అదురుతుంది, అప్పుడు ఉలికిపాటు మళ్ళీ వస్తుంది. ఒక్క మ్యాగజీన్‌తో వెళ్ళకండి, మూడు ఉంటే నింపుకునే కంగారు ఉండదు. అయ్యాక సీసం పొడి పోయేలా చల్లటి నీళ్ళతో సబ్బు రుద్ది కడుక్కుని అప్పుడే ఏమైనా తినండి.

నాకు టెన్షన్ లేదని చెప్పను. మూడు గజాల దగ్గర మొదటి తూటాకే గొంతు ఎండిపోయింది. రెండు సెకన్లు అంటే చాలా తక్కువ అనుకుంటాం, కానీ వేలు నిదానంగా నొక్కడానికి అది సరిపోతుందని ఇంట్లో వందలసార్లు నొక్కిన వేలికి తెలుసు. ఏడు గజాల దగ్గర ఒకటి పక్కకి పోయింది, దాని గురించి ఆలోచించకుండా తర్వాతి దాని మీదే చూపు పెట్టాను. పదిహేను గజాల దగ్గర ముందు ఆరు సెకన్లలో రెండు, తర్వాత తొమ్మిదిలో మూడు, చివరికి పదిహేనులో ఐదు. ఆ చివరి ఐదింటికీ ఊపిరి సగం వదిలి ఆగి, ముందు సైట్‌నే చూశాను, టార్గెట్ మసకగా కనిపించినా పట్టించుకోలేదు.

టార్గెట్ దగ్గరికి తెచ్చాక ఇన్‌స్ట్రక్టర్ మార్కులు వేస్తున్నారు, 241 అన్నారు. నేను చిల్లులు లెక్కపెడుతున్నాను. కొన్ని ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోయాయి, అంచులు చూసి లెక్కపెట్టాల్సి వచ్చింది. ఆవిడకి విషయం అర్థమై పెన్ను తీసి తనూ నాతో పాటు ఒక్కోదానికీ టిక్కు పెట్టారు. యాభై. బొమ్మ భుజం మీద మూడు మార్కులది ఒకటుంది, పదిహేను గజాలది. దానికోసం వచ్చే ఆదివారం మళ్ళీ రేంజ్‌కి వెళ్తున్నాను, పదిహేను గజాల దగ్గరే వంద తూటాలు, పది సెకన్లకి ఐదు చొప్పున.