పోయినవాళ్ల గొంతు ముందు దాచుకోండి

ఇంట్లో మనిషి పోయిన మొదటి వారాల్లో ఎవరికీ ఫోన్ల మీదా ఫైళ్ల మీదా ధ్యాస ఉండదు. అయితే వాళ్ల గుర్తుల్లో కొన్ని మనం తేరుకునేదాకా ఆగవు. ఉత్తరాలు, ఫోటోలు ఏళ్ల తరబడి ఓపిక పడతాయి. గొంతు మాత్రం నెలల్లోనే చేజారిపోతుంది. ముఖం ఫోటోలో చూసుకోవచ్చు, రాత ఏ పాత నోటుపుస్తకంలోనో దొరుకుతుంది. మనల్ని పిలిచే పద్ధతి, మాట మధ్యలో ఆగే తీరు, నవ్వు, ఇవి రికార్డులో లేకపోతే ఇంకెక్కడా దొరకవు. అందుకే కాస్త ఓపిక వచ్చిన రోజున మొదట చేయాల్సింది గొంతు దాచడం.

ముందు వాళ్ల ఫోన్ సంగతి. దాన్ని ఎవరూ రీసెట్ చేయకుండా పక్కన పెట్టించండి. ఊరికే పడి ఉందని శుభ్రం చేసి పిల్లలకి ఇచ్చేయడం చాలా ఇళ్లలో జరుగుతుంది. ఇప్పటి ఫోన్లలో సమాచారమంతా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం వేసినట్టు రహస్య రూపంలో ఉంటుంది, రీసెట్‌తో దాన్ని తెరిచే తాళంచెవే పోతుంది. ఆ తర్వాత ఏ రిపేరు షాపూ వెనక్కి తేలేదు. పిన్ తెలియకపోతే ఊహించి కొట్టకండి. ఐఫోన్‌లో వరసగా తప్పు పిన్ కొడుతూ పోతే చివరికి మొత్తం చెరిపేస్తే తప్ప తెరుచుకోని స్థితి వస్తుంది. ఇంట్లో ఇంకెవరి వేలిముద్రో ఆ ఫోన్‌కి ఇచ్చి ఉంటే అది పనిచేస్తుంది కానీ, ఫోన్ ఒకసారి ఆగి మళ్లీ వెలిగితే పిన్ కొట్టే వరకూ వేలిముద్రని ఒప్పుకోదు. కాబట్టి చార్జింగ్ అయిపోనివ్వకండి, అప్‌డేట్ అడిగితే ఒప్పుకోకండి, తెరుచుకున్నప్పుడే కావలసినవి బయటికి తీసుకోండి.

సిమ్‌ని కనీసం ఒక ఏడాది బతికించి ఉంచండి. వాడకం లేని నంబర్‌ని కంపెనీ కొన్నాళ్లకు వేరేవాళ్లకి ఇచ్చేస్తుంది. వాళ్ల ఖాతాలకు వచ్చే ఓటీపీలన్నీ ఆ నంబర్‌కే వస్తాయన్నది ఒక కారణం. రెండోది ఇంకా బరువైనది. దుఃఖంలో చాలామంది పోయినవాళ్ల నంబర్‌కి మెసేజ్‌లు పెడుతుంటారు. ఒక రోజు అటునుంచి ఎవరో తెలియని మనిషి జవాబిస్తే ఆ దెబ్బ మామూలుగా ఉండదు.

వాట్సాప్ విషయానికొస్తే, దాదాపు 120 రోజులు వాడని ఖాతాని ఆ కంపెనీ తీసేస్తుంది. మీ ఫోన్లో ఉన్న సంభాషణ అలాగే ఉంటుంది, దాని గురించి కంగారు పడొద్దు. చూడాల్సింది ఇంకొకటి. ఆ చాట్‌లో మాయమయ్యే మెసేజ్‌ల సెట్టింగ్ ఆన్‌లో ఉందేమో ఇవాళే చూడండి. 24 గంటలు, 7 రోజులు, 90 రోజులు అని అందులో మూడు గడువులుంటాయి. 90 రోజుల గడువు పెట్టి మరిచిపోయినవాళ్లకి మూడు నెలలయ్యాక ఏమీ మిగలదు. ఆ తర్వాత చాట్‌ని మీడియాతో సహా ఎక్స్‌పోర్ట్ చేయండి. మరీ పెద్ద సంభాషణలైతే పాతవి అందులోకి రావు, కాబట్టి ముఖ్యమైన వాయిస్ మెసేజ్‌లని విడిగా కూడా దాచుకోండి. ఆండ్రాయిడ్ ఫోన్లో ఇవి పీటీటీ (PTT) అనే అక్షరాలతో మొదలయ్యే, ఓపస్ అనే రకం ఆడియో ఫైళ్లుగా ఉంటాయి. ఆ పేరులోనే సంవత్సరం, నెల, తేదీ వరసగా ఎనిమిది అంకెల్లో ఉంటుంది. ఏ రోజు మాటో చెప్పే ఆధారం చాలాసార్లు అదొక్కటే, అందుకని ఆ పేరు మార్చకండి. ఏదైనా రాయాలనుకుంటే ఆ అంకెల తర్వాత చేర్చండి. ఎంపీ3లోకి మార్చుకుంటే మార్చుకోండి, అసలు ఫైలు మాత్రం ఉంచండి.

వాయిస్ మెసేజ్‌లు లేవని నిరాశపడేవాళ్లు వీడియోలు వెతకాలి. వాళ్లు కనిపించే వీడియోలు కాదు, వాళ్లు తీసిన వీడియోలు. ఇంట్లో ఎప్పుడూ కెమెరా పట్టుకునే మనిషి ఏ ఫోటోలోనూ ఉండరు. కానీ కెమెరా వెనక నుంచి "ఇటు చూడు", "ఇంకొంచెం పక్కకి జరుగు", "ఆ, చాలు" అంటూ వాళ్ల గొంతే అందరికన్నా దగ్గరగా, స్పష్టంగా పడి ఉంటుంది. బంధువుల ఫోన్లలో ఉన్న పెళ్లి వీడియోలు, ఆఫీసు వీడ్కోలు సభలు, ఆటోమేటిగ్గా కాల్స్ రికార్డ్ అయ్యే ఫోన్లలోని ఫోల్డర్లు కూడా అడిగి వెతికించండి. అందరికీ కలిపి పెట్టే మెసేజ్‌కి ఎవరూ కదలరు. ఒక్కొక్కరికీ విడిగా, ఫలానా సంవత్సరం ఫలానా సందర్భం అని చెప్పి అడిగితే దొరుకుతాయి.

పాత క్యాసెట్ ఉంటే దాన్ని ప్లేయర్‌లో పెట్టే ముందు వెనక అంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ పలకల్ని విరిచేయండి. అవి లేకపోతే పొరపాటున దాని మీద రికార్డ్ అవ్వదు. టేపు మీద తెల్లగా బూజు కనిపిస్తే అసలు ఆడించకండి, ఆ పని తెలిసినవాళ్లకి ఇవ్వండి. బాగానే ఉంటే ఒకసారి చివరిదాకా చుట్టి మళ్లీ వెనక్కి తిప్పండి. ఏళ్ల తరబడి కదలని టేపు పొరలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. ప్లేయర్ హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో తుడవండి. టేపు పాటని రికార్డ్ చేసుకోవడానికి కంప్యూటర్‌లో ఆడాసిటీ లాంటి ఉచిత ప్రోగ్రామ్ చాలు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ నాణ్యతతో స్టీరియో వావ్ (WAV) ఫైలుగా ఎక్కిస్తే గంటకు దాదాపు ఒక జీబీ అవుతుంది. కీచుమని శబ్దం వస్తే వెంటనే ఆపేయండి, అది టేపు పూత పాడవుతున్న చప్పుడు కావచ్చు. మొదటి ఆటలోనే రికార్డ్ చేయండి, ఒకసారి విని చూద్దామని ఆడించకండి. ఆ ఒక్క వినికిడే ఆఖరుదైన టేపులుంటాయి.

శబ్దాన్ని శుభ్రం చేయాలనే కోరిక అందరికీ కలుగుతుంది. కాపీ మీద చేసుకోండి. ఫ్యాన్ చప్పుడు తీసేసే ఫిల్టర్లు గొంతులోని బొంగురుతనాన్నీ, ఊపిరినీ కూడా తీసేస్తాయి. దగ్గు, గొంతు సవరింపు, వెనక తలుపు మూసిన శబ్దం, అన్నీ ఉంచిన ఫైలే అసలు ఫైలు.

ఇక ఫోటోలు. ఇక్కడ తొందర లేదు. నాలుగు బై ఆరు అంగుళాల ఫోటోని 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే 2400 బై 3600 పిక్సెళ్లు వస్తాయి, అది చాలు. అసలు చిక్కు గ్రూప్ ఫోటోలతో. కొంతమందికి యవ్వనంలోది ఒకే ఒక ఫోటో ఉంటుంది, అందులో ముఖం ఒక సెంటీమీటరు వెడల్పు. 600 డీపీఐలో ఆ ముఖానికి దక్కేది 236 పిక్సెళ్లు, అంటే బాగా ముద్రించాలంటే రెండు సెంటీమీటర్లకు మించి పెద్దది కాదు. 1200లో స్కాన్ చేస్తే నాలుగు సెంటీమీటర్ల దాకా వెళ్లొచ్చు, అదీ అసలు ప్రింటులో అంత వివరం ఉంటేనే. గోడంత పటం చేయించాలనుకునేవాళ్లు ఈ లెక్క ముందే చూసుకోవాలి.

ఆ లోటు తీర్చడానికే ఇప్పుడు ముఖాన్ని స్పష్టం చేసే యాప్‌లు వచ్చాయి. వీటి మీద నా అభిప్రాయం గట్టిగానే ఉంది. ఫోటోలో లేని వివరాన్ని యాప్ తెచ్చి పెట్టలేదు, వేల ముఖాలు చూసి నేర్చుకున్న కళ్లనీ పళ్లనీ అతికిస్తుంది. ఒక కన్ను కాస్త చిన్నగా ఉండటం, పెదవి ఒకవైపు లాగటం, పుట్టుమచ్చ, ఇలా మనిషిని మనిషిగా చూపించేవన్నీ సరిదిద్దేస్తుంది. చూసేకొద్దీ ఆ కొత్త ముఖమే గుర్తుండిపోతుంది. మసగ్గా ఉన్న నిజమైన ముఖాన్ని చిన్న సైజులోనే ఫ్రేము కట్టించుకోండి. యాప్ చేసినది దాచుకునేట్టయితే ఫైలు పేరులోనే ఆ మాట రాయండి. లేకపోతే ఇరవై ఏళ్ల తర్వాత పిల్లలకి ఏది అసలో తెలియదు.

జిగురు పేజీల ఆల్బమ్‌లో ఫోటో అతుక్కుపోతే లాగకండి. పళ్ల మధ్య శుభ్రం చేసుకునే దారాన్ని ఫోటో కింద ఒక మూల నుంచి రంపంలా అటూ ఇటూ జరుపుతూ పోతే నెమ్మదిగా ఊడుతుంది. ఊడకపోతే పేజీతో సహా స్కాన్ చేయండి. ఫ్రేము అద్దానికి అంటుకున్నదైతే అద్దంతోనే స్కాన్ చేయాలి, విడదీస్తే ముఖం అద్దం మీదే ఉండిపోతుంది. లామినేషన్ వద్దే వద్దు. వేడితో, జిగురుతో ఒకసారి అంటుకున్నది మళ్లీ రాదు. గోడకి కాపీనే తగిలించి, అసలుది చీకట్లో, పొడిచోట, కాగితం కవరులో పెట్టండి. రంగుల ఫోటోల్లోని రంగులు వెలుతురుకి వెలిసిపోతాయి. పేర్లు, ఊరు, సంవత్సరం ఆ కవరు మీద ముందే రాసి, తర్వాత ఫోటో లోపల పెట్టండి. ఫోటో వెనక బాల్‌పెన్‌తో రాస్తే ఆ ఒత్తిడి ముందువైపు గీతలుగా లేస్తుంది.

ఆ పేర్లు చెప్పగలిగే పెద్దవాళ్లు ఇంకా ఉన్నప్పుడే వాళ్ల దగ్గర కూర్చోండి. రెండు ఫోన్లలో రికార్డ్ పెట్టండి, రెండూ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో. "ఆయన ఎలాంటివారు?" అని అడిగితే "చాలా మంచివారు" అనే జవాబే వస్తుంది. "కోపం వస్తే ఏం చేసేవారు?", "మొదటి జీతంతో ఏం కొన్నారు?", "ఎవరితో మాట్లాడటం మానేశారు, ఎందుకు?" అని అడగండి. ఫోటో చేతికిచ్చి అడిగితే ఇంకా మంచిది. ఒక్కో విడత నలభై నిమిషాలు దాటనివ్వకండి, వాళ్లు అలసిపోతారు, మీరూ అంతే.

మీ పనికీ అదే కొలత. 1999లో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు చెప్పినదేమిటంటే, దుఃఖంలో ఉన్న మనిషి పోయినవాళ్ల వైపూ రోజువారీ జీవితం వైపూ మారి మారి తిరుగుతుంటాడు, ఆ తిరగడమే తేరుకోవడం. కాబట్టి ఒక పూట ఫైళ్లు సర్ది, తర్వాత వారం వాటి జోలికి పోకపోతే తప్పేం లేదు. వినలేకపోతే వినకుండానే కాపీ చేయండి. ఏది ఏమిటో రాసి పెట్టే పని దగ్గరివాళ్లెవరికైనా అప్పగించండి.

బట్టల వాసన కూడా ఉంచుకోవాలనుకుంటే, ఉతకని ఒక్క వస్త్రాన్ని గాలి చొరని జిప్ కవరులో పెట్టండి. తడి ఉండకూడదు, బూజు పడుతుంది. తెరిచిన ప్రతిసారీ కొంత వాసన పోతుంది, అందుకే రెండు కవర్లలో రెండు విడిగా పెట్టి ఒకటే తెరుస్తుండండి. ఎంత చేసినా ఇది శాశ్వతం కాదు.

ఆన్‌లైన్ ఖాతాల్లో గూగుల్‌ది ముందు చూడండి. రెండేళ్లు ఎవరూ లాగిన్ కాని ఖాతాని గూగుల్ ఫోటోలతో సహా తొలగించవచ్చు. ఆపిల్‌లో వారసుడిగా ముందే పెట్టినవాళ్లకి యాక్సెస్ కీ (వారసుడిగా పెట్టినప్పుడు వచ్చే కోడ్), మరణ ధ్రువపత్రం రెండూ ఉంటే మూడేళ్ల పాటు తెరుచుకుంటుంది. ఫేస్‌బుక్ ఖాతాని స్మారక ఖాతాగా మార్పించాక అందులోకి ఎవరూ లాగిన్ కాలేరు, వారసుడు కూడా పాత మెసేజ్‌లు చదవలేడు.

అన్నీ కూడాక మూడు కాపీలు చేయండి. రెండు వేరువేరు రకాల పరికరాల్లో, ఒకటి వేరే ఇంట్లో. పెన్‌డ్రైవ్‌ని ఏళ్ల తరబడి డ్రాయరులో వదిలేస్తే అందులోని సమాచారం దానంతటదే చెరిగిపోవచ్చు, దాన్నొక్కదాన్నే నమ్మకండి. ఏడాదికొకసారి హార్డ్‌డిస్క్ పెట్టి నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి, ఒకటి తెరుచుకోకపోతే ఆ రోజే ఇంకో కాపీ నుంచి కొత్తది చేయండి. ఇంట్లో మూడు నాలుగేళ్ల పిల్లలుంటే వాళ్ల పేరున ఒక ఫోల్డర్ విడిగా పెట్టండి. ఆ వయసులో చూసినవి, విన్నవి పెద్దయ్యాక దాదాపు గుర్తుండవు. అమ్మో, నాన్నో, తాతో తమ పేరు పెట్టి పిలిచిన రికార్డులు ఆ ఫోల్డర్లో అన్నిటికన్నా పైన ఉండాలి.