పాత పికప్‌కి టై రాడ్ ఎండ్ మార్చడం: వెల్డింగ్ జోలికి పోవద్దు

ముందువైపు కూడా కమాన్ కట్టలే (లీఫ్ స్ప్రింగులే) ఉన్న పాత మహీంద్రా పికప్‌లో స్టీరింగ్ లూజైందంటే, చాలా గ్యారేజీల్లో మొదట చెయ్యి వెళ్లేది స్టీరింగ్ బాక్సు మీదున్న అడ్జస్టింగ్ స్క్రూ దగ్గరికి. లాక్ నట్ వదిలించి స్క్రూని పావు చుట్టు బిగిస్తారు. ఆట (లూజు) తగ్గినట్టే ఉంటుంది, బండి వెళ్లిపోతుంది. అరిగింది టై రాడ్ ఎండ్ (ముందు చక్రాలు రెంటినీ కలిపే టై రాడ్ చివర ఉండే బంతి జాయింట్) అయితే మాత్రం ఈ బిగింపు వల్ల రెండు నష్టాలు. బాక్సు లోపలి గేరు పట్టేసి, మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతటది వెనక్కి రాదు. ఊడిపోవడానికి సిద్ధంగా ఉన్న ఎండు ఎక్కడిదక్కడే ఉంటుంది.

కాబట్టి ముందు ఏది అరిగిందో తేల్చుకోవాలి. చక్రాలు నేలమీదే ఉండాలి. వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, ఒకరు సీట్లో కూర్చుని స్టీరింగ్‌ని ఎడమకూ కుడికీ కొద్దికొద్దిగా ఊపాలి. రెండోవారు కింద పడుకుని ఒక్కో జాయింట్‌నీ పట్టుకోవాలి. వేళ్లు సగం రాడ్ మీద, సగం ఆర్మ్ కన్ను (జాయింట్ కూర్చునే రంధ్రం ఉన్న ఆర్మ్ చివర) మీద ఉండాలి. కంటికి కనపడని ఆట వేళ్లకు తెలుస్తుంది. డ్రాప్ ఆర్మ్ (స్టీరింగ్ బాక్సు నుంచి దిగే చెయ్యి) నుంచి మొదలుపెట్టి, డ్రాగ్ లింక్ (అక్కణ్నుంచి ఒక చక్రం వైపు వెళ్లే రాడ్) రెండు చివర్లు, తర్వాత టై రాడ్ రెండు చివర్లు, ఇదే వరసలో చూడాలి. ఆపైన జాకీ ఎత్తి, స్టాండ్ పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. అక్కడ ఆట ఉంటే బ్రేకు తొక్కించి మళ్లీ ఊపండి. ఆట పోయిందా, అది వీల్ బేరింగ్. పోలేదా, కింగ్ పిన్ (చక్రం ఎడమకూ కుడికీ తిరగడానికి ఆధారమైన పిన్ను). ఈ రెండూ లూజుగా ఉండగా కొత్త ఎండ్‌లు వేసినా స్టీరింగ్ కుదురుకోదు.

ఎండు పాడవడం దాదాపు ఎప్పుడూ రబ్బరు బూటు (జాయింట్ మీది తొడుగు) చిరగడంతోనే మొదలవుతుంది. దమ్ము చేసిన పొలం గట్ల మీద తిరిగే బండి అయితే ఆ బురద నీళ్లు లోపలికి వెళ్లి, గ్రీజుతో కలిసి, బంతినీ దాని గిన్నెనీ రుద్దేస్తాయి. సరుకు బండికి ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్ చేయించాల్సిందే కదా, కనీసం ఆ ముందు రోజైనా బండి కిందకు దూరి బూట్లు చూడండి. ఎండు పూర్తిగా ఊడిందంటే, డ్రాగ్ లింక్ పట్టుకున్న చక్రం ఒక్కటే స్టీరింగ్ మాట వింటుంది. రెండోది తన దారిన తను పోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. అరిగిన ఎండు మూతని సుత్తితో కొట్టి బిగించడం, లేదా మూత చుట్టూ వెల్డింగ్ పెట్టించడం ఇంకా చాలాచోట్ల జరుగుతోంది. దయచేసి చేయించకండి. బండి తిన్నగా నడిచే సమయమే ఎక్కువ, కాబట్టి బంతి మధ్య స్థానంలోనే ఎక్కువ అరుగుతుంది. మూత కొడితే మధ్యలో ఆట పోతుంది కానీ, పూర్తిగా తిప్పినప్పుడు అరగని భాగం వచ్చి పట్టేస్తుంది. అలా పట్టేసిన ప్రతిసారీ స్టడ్ (బంతి నుంచి బయటికి వచ్చే కడ్డీ) మెడ వంగుతుంది, ఒకనాడు విరుగుతుంది. వెల్డింగ్ ఇంకా చెడ్డది. లోపల ప్లాస్టిక్ గిన్నె ఉంటే కరిగిపోతుంది, గ్రీజు మాడుతుంది, గట్టిపరిచిన ఉక్కు ఆ వేడికి గుణం మారుతుంది. బయటినుంచి చూస్తే మాత్రం ఏమీ తెలియదు.

తెచ్చుకోవాల్సినవి: టై రాడ్ ఎండ్‌లు రెండు, వాటితోపాటు కొత్త నట్లు, కొత్త స్ప్లిట్ పిన్నులు (నట్టు వదలకుండా అడ్డం పెట్టేవి), ఎండ్‌లని రాడ్‌లో బిగించి ఉంచే క్లాంపుల బోల్టులు తుప్పు పట్టి ఉంటే అవీ. ఒక ఎండుకి మామూలు థ్రెడ్డు, రెండోదానికి ఉల్టా థ్రెడ్డు ఉంటుంది. షాపులోనే నిలువుగా పట్టుకుని చూడండి: థ్రెడ్డు గీతలు కుడివైపుకి ఎక్కుతుంటే మామూలుది, ఎడమవైపుకి ఎక్కుతుంటే ఉల్టా. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట పాత ఎండు చేత్తో తీసుకెళ్లి, స్టడ్ లావూ టేపరూ (చివరికి సన్నబడే వాలు) పక్కపక్కన పెట్టి పోల్చుకోవడం మేలు. కొత్త ఎండు స్టడ్ చేత్తో కదిపితే బిగువుగా, ఒకే తీరుగా కదలాలి. లటుక్కున వాలిపోయేది తీసుకోకండి.

విప్పే ముందు రోజు సాయంత్రమే థ్రెడ్డుల మీద తుప్పు వదిలించే నూనె పోసి ఉంచండి. చక్రాలు తిన్నగా పెట్టి, ఒక స్టడ్ నడిమి నుంచి రెండో స్టడ్ నడిమికి దూరం కొలిచి కాగితం మీద రాసుకోండి. ఈ ఒక్క కొలతా ఉంటే బండి ఎలైన్‌మెంట్ దాకా క్షేమంగా వెళ్తుంది. ఎండు విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టడం కూడా మంచిదే, కానీ కొత్త ఎండు పొడవు పాతదానితో సమానం కాకపోవచ్చు కాబట్టి నమ్మాల్సింది కొలతనే.

స్ప్లిట్ పిన్ను లాగి, నట్టుని వదులు చేసి, నాలుగు థ్రెడ్డుల మీద ఉండగా ఆపండి. పూర్తిగా తీసేస్తే రాడ్ ఊడి మొహం మీద పడుతుంది. స్టడ్ చివర కింది నుంచి సుత్తితో కొట్టొద్దు, థ్రెడ్డు పాడవుతుంది తప్ప టేపరు వదలదు. పుల్లర్ (జాయింట్‌ని లాగి ఊడదీసే పనిముట్టు) ఉంటే వాడండి. లేకపోతే ఆర్మ్ కన్నుకి ఒకపక్క బరువైన సుత్తి ఆనించి, ఎదురుగా రెండో సుత్తితో కన్ను పక్కభాగం మీద గట్టిగా ఒకటి వెయ్యండి. కన్ను ఒక్క క్షణం సాగుతుంది, టేపరు టప్పున వదులుతుంది.

రాడ్ బయటికి వచ్చాక సమతలంగా ఉన్న గచ్చు మీద దొర్లించండి. ఎగురుతూ దొర్లితే వంగినట్టు. వంగిన రాడ్‌ని సరిచేసి వేయకండి, మార్చండి.

కొత్త ఎండ్‌ల థ్రెడ్డుకి గ్రీజు పూసి, రెండువైపులా సమానంగా ఎక్కించి, రాసుకున్న కొలతకి తేవాలి. స్టడ్ టేపరుకీ ఆర్మ్ కన్నుకీ మాత్రం చుక్క నూనె కూడా ఉండకూడదు, పొడిగుడ్డతో తుడవండి. నట్టు బిగించక ముందే స్టడ్ మొత్తం కన్నులోకి దిగిపోతే, ఎండు తప్పుదైనా కావాలి, కన్నయినా అరిగి ఉండాలి. రేకు ముక్క చుట్టి వేయడం పరిష్కారం కాదు. నట్టుతోపాటు స్టడ్ కూడా తిరుగుతుంటే ఎండు కింద జాకీ పెట్టి కాస్త ఒత్తండి, పట్టుకుంటుంది. మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కి (బిగువు కొలతకి) బిగించాక స్ప్లిట్ పిన్ను రంధ్రం కలవకపోతే నట్టుని ఇంకాస్త ముందుకే తిప్పాలి. వెనక్కి వదిలితే టేపరు పట్టు తప్పుతుంది.

ఎక్కువమంది మరిచిపోయేది క్లాంపుల దగ్గర. రెండు ఎండ్‌లూ ఒకే తీరులో నిలబడాలి. ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ వాలి ఉండగా క్లాంపు బిగిస్తే, స్ప్రింగు కదిలినప్పుడల్లా రెండూ ఒకదాన్నొకటి మెలేస్తాయి, కొత్త బూట్లు నెలల్లోనే చిరుగుతాయి. బిగించాక రాడ్‌ని చేత్తో ముందుకూ వెనక్కూ తిప్పితే రెండువైపులా కాస్త ఆడాలి. క్లాంపు బోల్టులు స్టీరింగ్ రెండు లాకుల (ఇటూ అటూ చివరిదాకా తిప్పిన స్థానాల) దగ్గరా దేనికీ తగలకూడదు.

టో-ఇన్ (రెండు టైర్లూ వెనకకంటే ముందువైపు ఎంత దగ్గరగా ఉన్నాయో ఆ తేడా) కొలవడానికి టైరు వెనక భాగంలో, హబ్బు ఎత్తున, రెండు టైర్ల మీదా సుద్దతో గుర్తు పెట్టి వాటి మధ్య దూరం కొలవండి. బండిని ముందుకి తోసి అవే గుర్తులు ముందువైపుకి వచ్చాక మళ్లీ కొలవండి. రిమ్ము వంకర ఉన్నా ఈ పద్ధతిలో లెక్క చెడదు. ముందు కొలత ఎంత తక్కువ ఉండాలో మాన్యువల్‌లో మిల్లీమీటర్లలో ఉంటుంది. థ్రెడ్డు పిచ్ (పక్కపక్క గీతల మధ్య దూరం) 1.5 మి.మీ. అయితే రాడ్‌ని ఒక చుట్టు తిప్పితే రెండు చివర్లూ కలిపి పొడవు 3 మి.మీ. మారుతుంది. ఆర్మ్ పొట్టిది, టైరు పెద్దది కాబట్టి టైరు దగ్గర అది సెంటీమీటరు దాటుతుంది. అందుకే తిప్పాల్సింది చుట్లు కాదు, చుట్టులో కొద్ది భాగమే. రాడ్ యాక్సిల్ వెనక ఉంటే పొడవు పెంచితే టో-ఇన్ పెరుగుతుంది, ముందుంటే తగ్గుతుంది.

అంతా అయ్యాక స్టీరింగ్ చక్రం వంకరగా నిలిచిందనుకోండి, దాన్ని ఊడదీసి తిప్పి వేయకండి. బాక్సులో ఆట అతి తక్కువగా ఉండేది సరిగ్గా మధ్యలోనే, ఆ మధ్య స్థానం బండి తిన్నగా వెళ్లేటప్పుడే రావాలి. వంకరని డ్రాగ్ లింక్ పొడవుతో సరిచేయాలి.

గ్రీజు బూటు కాస్త ఉబ్బే వరకే కొట్టండి. బండి ఒకరోజు తిరిగాక నట్లు, పిన్నులు మళ్లీ చూడండి. కొన్ని వారాలకి ముందు టైర్లు రెండూ బయటి అంచున అరుగుతుంటే టో-ఇన్ ఎక్కువైనట్టు, లోపలి అంచున అరుగుతుంటే తక్కువైనట్టు. తీసేసిన పాత ఎండ్‌ల స్టడ్‌ని గ్రైండర్‌తో కోసి పాత ఇనుములో వెయ్యండి, లేకపోతే మూత కొట్టించుకుని ఇంకో బండి కిందకి చేరతాయి.