కాస్ పొదుగుకి కూర్చుంది

ఇస్క్రూ గాడు నాలుగుసార్లు ఫోన్ చేశాడు, కమిటీ తరఫున అంట, "1991 బ్యాచ్ సంచిక వేస్తున్నాం, నువ్వు కోళ్ళోడివి కదా మాస్టారి గురించి నువ్వే రాయాలి" అని. ట్యూబ్‌లైటు సంగతి, నీలం సైకిలు సంగతి మాత్రం రాయొద్దని షరతు పెట్టాడు కాబట్టి రాయట్లేదు. ఎవరు చేశారో మనందరికీ తెలుసు, వాడిప్పుడు కమిటీలోనే ఉన్నాడు.

మాస్టారంటే మన లెక్కల మాస్టారే, ఏ మాస్టారని ఎవరూ అడగరనుకుంటా.

ఆరు నుంచి ఎనిమిది దాకా నాకు పెద్దగా ఏం గుర్తు లేదు, నీళ్ళ ట్యాంకు కింద పాకుడు మీద టైరు గాడు జారి పడ్డం తప్ప. అన్నీ గుర్తున్నది తొమ్మిదో తరగతి, 1990, సంక్రాంతి సెలవులైపోయాక. హాఫ్ ఇయర్లీ లెక్కల్లో నాకు వందకి 12. మాస్టారు పేపరిస్తూ ఏం అనలేదు, "శనాదివారాలు మా ఇంటికి రా" అన్నారంతే. ట్యూషన్ ఫీజు ఎంతడుగుతారో అని మా నాన్న రాత్రంతా నిద్రపోలేదు. నేను నోట్సూ కాంపస్ బాక్సూ పట్టుకుని కంచరపాలెంలో సింహాచలం బస్సెక్కి అక్కణ్ణుంచి నడుచుకుంటూ అడవివరం వెళ్తే మాస్టారు పెరట్లో ఉన్నారు, లుంగీ, చిల్లుల బనియను, చేతిలో గునపం. "బాక్సు అరుగు మీద పెట్టి ఇలా రావోయ్" అన్నారు. అప్పటికే బెల్లం గాడు, టైరు గాడు మోకాళ్ళ దాకా మట్టిలో ఉన్నారు.

కొండవార ఎర్రమట్టి, అడుగు తవ్వితే రాయి. అలాంటి నేలలో ఆ మనిషి ఆనప, బీర, దొండ పందిర్లు, వంగ, బెండ, గోడ పొడుగునా గోంగూర వేశారు. మొదటి రోజు నాతో టమాటా నారు నాటించారు. "వరస పన్నెండడుగులు, రెండడుగులకో మొక్క, ఎన్ని కావాలి?" అన్నారు. ఆరు సార్ అన్నా, పన్నెండుని రెండుతో భాగిస్తే ఆరే కదా. "సరే నాటు" అన్నారు. నాటుకుంటూ పోతే చివర్న గుంట ఖాళీ, చేతిలో మొక్క లేదు. మాస్టారు నుయ్యి గట్టు మీద కూర్చుని ఏడో మొక్క చూపిస్తూ నవ్వుతున్నారు. బోర్డు మీద వంద సార్లు చెప్పినా ఎక్కేది కాదు నాకది. ఇప్పటికీ షెడ్డుకి స్తంభాలు లెక్కేసేటప్పుడు మేస్త్రీ చెప్పిందానికి ఒకటి కలుపుతా.

వరసకి ఏడు చొప్పున ఆరు వరసలు, మొత్తం 42 మొక్కలు. ఇక నా ఘనకార్యం. కోడిపెంట మంచి ఎరువని ఎవరో అంటే విని, మాస్టారు లేనప్పుడు గూట్లోంచి పచ్చిది పచ్చిదిగానే గోకి తెచ్చి ఒక్కో మొదలుకీ దోసెడు పోశా. మరుసటి శనివారానికి ఆకుల అంచులు కాగితం కాలినట్టు అయిపోయినాయి. పెంట మాగాలి, లేకపోతే దాని వేడికే మొక్క మాడిపోతుందని అప్పుడు తెలిసింది. కొడతారనుకున్నా. "ఎన్ని పోయాయి?" అన్నారు. 31 సార్. "శాతం కట్టు." మట్టిలో పుల్లతో భాగహారం చేశా, 73.8 వచ్చింది. "నీ లెక్కల మార్కుల కంటే బాగా వచ్చిందిరా" అన్నారు. మరుసటి ఏడు పబ్లిక్‌లో నాకు లెక్కల్లో 74. మార్కుల లిస్టు చూసి మాస్టారు "చచ్చిన మొక్కలన్నీ నీకొచ్చాయి" అన్నారు, పక్కనున్న హెడ్మాస్టారికి అర్థం కాలేదు.

కోళ్ళ పేర్లు మీకు గుర్తుండే ఉంటాయి. సైన్, కాస్, టాన్, పుంజు పేరు పైథాగరస్. అమ్మగారు గుడ్డు ముట్టరు కాబట్టి గుడ్లన్నీ మావే, ఎవడు ఎన్ని పట్టుకెళ్ళాడో మాస్టారు ఓ రూళ్ళ నోట్సులో రాసేవారు, అందులో బెల్లం గాడి పేజీ ఒక్కటే నిండిపోయింది (ఒరే బెల్లం, అది మాత్రం రాస్తా). సైన్ తిక్కది, టాన్ ఎక్కడ గుడ్డు పెడుతుందో దానికే తెలీదు. కాస్ ఒక్కటే కుదురుగా పొదిగేది.

ఆదివారం సాయంత్రమే పొదుగు వేసేవారు. "21ని ఏడుతో భాగించు" అనేవారు ఎందుకంటే. సరిగ్గా మూడు వారాలు, పిల్లలు దిగేది కూడా ఆదివారమే, బడి మానక్కర్లేదు. ఊళ్ళో వాళ్ళు గుడ్లు బేసి సంఖ్యే పెట్టాలంటారు కదా, మాస్టారు 13 పెట్టేవారు, ప్రధాన సంఖ్య కూడా అయితే ఇంకా మంచిదని. ఉగాది దాటితే ఎండకి సగం మురిగిపోతాయని తొందర ఒకటి. ఏడో రోజు రాత్రి మమ్మల్ని అక్కడే ఉంచేసి, అమ్మగారు ఆనపకాయ పాలుపోసిన కూరతో అన్నం పెట్టాక, దీపాలార్పి, అట్టకి చిల్లు పెట్టి వెనక టార్చి వేసి ఒక్కో గుడ్డూ చూపించేవారు. లోపల ఎర్రటి నరాలు సాలెపురుగు కాళ్ళలా, మధ్యలో చుక్క. ఆ చుక్క కదిలింది. నేను, టైరు ఒకేసారి "సార్" అని అరిచాం, గంపలో కాస్ బుస్సుమంది.

పిల్లలకి వారం రోజులయ్యాక పశువుల ఆసుపత్రి నుంచి కొక్కెర తెగులు రాకుండా వేసే చుక్కల మందు ఐసు ముక్కల్లో పెట్టి తెచ్చేవారు. నేను పిల్లని పట్టుకోవడం, ఆయన కంట్లో చుక్క వెయ్యడం. గుప్పెట్లో గుండె టకటకా కొట్టుకునేది.

తర్వాత ఇంటరు, డిగ్రీ, గాజువాకలో ఆరేళ్ళ ఉద్యోగం, అవన్నీ మీకెందుకు. ఇప్పుడు ఆనందపురం దగ్గర నాకు రెండు షెడ్లు, ఇరవై వేల లేయర్లు, అంటే గుడ్ల కోళ్ళు, పొద్దున్నే ఎన్‌ఈసీసీ వాళ్ళ వైజాగ్ గుడ్డు రేటు చూడందే కాఫీ దిగదు, అమ్మాయి వెటర్నరీ చదువుతోంది. ఏదో దేవుడి దయ. 2014లో హుద్‌హుద్ తుఫాను వెళ్ళిన నాలుగో రోజు పెట్రోలు దొరికాక అడవివరం వెళ్ళా. పందిర్లు లేవు, మునగచెట్టు నుయ్యి మీద పడుంది, కొండ గుండు కొట్టించుకున్నట్టుంది. మాస్టారు అరుగు మీద కూర్చుని "పైథాగరస్ దొరకలేదురా" అన్నారు. ఎన్నో తరం పైథాగరస్సో అది. నా షెడ్డు రేకులు కూడా ఎగిరిపోయాయని నేను చెప్పలేదు. అదే ఆఖరిసారి చూడ్డం. ఆయన పోయినప్పుడు నేను కోళ్ళ పని మీద తమిళనాడులో, నమక్కల్‌లో ఉన్నా.

లేయర్ల సంగతి మీలో చాలామందికి తెలీదు. ఏడాదికి మూడొందల గుడ్లు పెడుతుంది గానీ పొదగదు. పొదుగుకి కూర్చుంటే గుడ్డు మానేస్తుంది కదా, అందుకని తరతరాలుగా ఏరి ఏరి ఆ బుద్ధి తీసేశారు. అందుకే షెడ్ల వెనక ఒక నాటు పెట్టని పెంచుకుంటున్నా, మా ఆవిడ నవ్వుతుంది. పేరు మీకు చెప్పక్కర్లేదు. మొన్న ఆదివారం సాయంత్రం 13 గుడ్లతో కూర్చోబెట్టా, నిన్న రాత్రి టార్చి వేసి చూస్తే పదకొండింటిలో నరాలున్నాయి.

మీరు మన బ్యాచ్ మీటింగు పెట్టింది సరిగ్గా ఇరవై ఒకటో రోజున. మధ్యాహ్నం భోజనాల టైముకి వస్తా, ఇస్క్రూ, నా పేరు పొద్దుటి టిఫిన్ల లిస్టులోంచి తీసెయ్.