పెద్ద పండగ పలకరింపు దేశాలు దాటి చేరాలంటే

పెద్ద పండగ, అదే సంక్రాంతి, దగ్గర పడేసరికి శ్రీకాకుళం, విజయనగరం ఊళ్ళ నుంచి బయల్దేరే శుభాకాంక్షలకి లెక్కుండదు. ముగ్గు, గంగిరెద్దు, చెరుకు గడలు, మధ్యలో బంగారు రంగు అక్షరాలు ఉన్న బొమ్మ ఒకటి ఎక్కడి నుంచో వస్తుంది, దాన్నే అందరికీ తోసేస్తాం. దుబాయ్‌లో వెల్డింగ్ పనిలో ఉన్న తమ్ముడికీ, డల్లాస్‌లో ఉన్న మేనకోడలికీ, మన పండగ ఏమిటో తెలియని కొరియా స్నేహితురాలికీ అదే బొమ్మ. అందులో మన ఊరూ ఉండదు, వాళ్ళ పేరూ ఉండదు. పంట ఇంటికొచ్చిన సంతోషం, అందుకు చేయి వేసినవాళ్ళ మీద కృతజ్ఞత, ఈ రెండూ లేకుండా ఇది పంట పండగ పలకరింపు ఎలా అవుతుంది? కాస్త శ్రద్ధ పెడితే ఇదేమీ కష్టమైన పని కాదు.

ముందు టైము సంగతి చూసుకోవాలి. మన ఊళ్ళలో భోగి మంట తెల్లవారుజామున నాలుగు, నాలుగున్నరకి వేస్తారు. మనకి నాలుగున్నర అయితే సింగపూర్, మలేషియాల్లో ఉదయం ఏడు, మెల్‌బోర్న్‌లో పది, ఆక్లండ్‌లో మిట్టమధ్యాహ్నం. లండన్‌లో ముందురోజు రాత్రి పదకొండు. న్యూయార్క్, టొరంటోల్లో ముందురోజు సాయంత్రం ఆరు, డల్లాస్‌లో ఐదు, కాలిఫోర్నియాలో మధ్యాహ్నం మూడు. అంటే అమెరికాలో చాలామందికి మన భోగి మంట సరిగ్గా ఇల్లు చేరే వేళకి పడుతుంది. వీడియో కాల్‌లో మంట చూపించాలంటే అంతకంటే మంచి వేళ దొరకదు. దుబాయ్‌లో మాత్రం అప్పుడు మూడు గంటలు. రోజంతా ఎండలో నిలబడి పడుకున్న మనిషిని ఆ వేళప్పుడు లేపకండి. వాళ్ళు డ్యూటీ దిగి, స్నానం చేసి, గదిలో కూర్చునే వేళ మనకి రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిది అవుతుంది. వాళ్ళకి ఆ వేళకి చేస్తే తీరిగ్గా మాట్లాడతారు.

ఇందులో ఒక చిక్కు ఉంది. అమెరికా, కెనడా, బ్రిటన్, న్యూజిలాండ్‌లలో, ఆస్ట్రేలియాలో కొన్ని రాష్ట్రాల్లో గడియారాన్ని ఏడాదికి రెండుసార్లు గంట జరుపుతారు. టొరంటోకి మనకి జనవరిలో తేడా పదిన్నర గంటలు. అక్టోబరులో, కెనడా వాళ్ళు పంటకి కృతజ్ఞత చెప్పుకునే థాంక్స్‌గివింగ్ పండగ నాటికి, తొమ్మిదిన్నరే. జనవరి లెక్క గుర్తుపెట్టుకుని అక్టోబరులో ఫోన్ చేస్తే గంట ఆలస్యమవుతుంది. జీమెయిల్‌లోనూ టెలిగ్రామ్‌లోనూ ముందే రాసి, ఏ టైముకి వెళ్ళాలో పెట్టి ఉంచొచ్చు. ఆ టైము మన గడియారం ప్రకారం పెట్టాలని మరిచిపోవద్దు.

తేదీ దగ్గర కూడా పొరపాట్లు జరుగుతుంటాయి. సూర్యుడు మకరరాశిలో అడుగుపెట్టే క్షణం భూమంతటికీ ఒక్కటే. అది మనకి రాత్రి పడితే అమెరికాలో అదే రోజు ఉదయం. అందుకని కొన్నేళ్ళు అక్కడి గుళ్ళలో సంక్రాంతి తేదీ మనతో కలవదు. ‘ఈరోజు పండగ’ అని రాసేకంటే ‘మా ఊళ్ళో పండగ గురువారం’ అని రాయడం మేలు. తేదీ నెమ్మదిగా జరుగుతూ కూడా ఉంటుంది. నక్షత్రాల లెక్కన వచ్చే సంవత్సరం రుతువుల లెక్కన వచ్చే సంవత్సరం కన్నా ఇరవై నిమిషాలు పెద్దది, ఆ తేడా సుమారు డెబ్భై ఏళ్ళకి ఒక రోజవుతుంది. వివేకానందుడు పుట్టిన 1863 జనవరి 12 ఆ ఏటి మకర సంక్రాంతి.

ఇక ఏం రాయాలన్నది. మన దగ్గర ఇప్పుడు ఏం జరుగుతోందో చెప్పండి, ఈ ఏడాది వాళ్ళు చేసిన మేలు ఒకటి పేరుపెట్టి చెప్పండి, వాళ్ళకి ఏం కోరుకుంటున్నారో చెప్పండి. మన పండగ తెలియని స్నేహితుడికైతే ఇలా:

‘మా జిల్లాలో తొలకరికి నారు పోసి, నవంబరు, డిసెంబరుల్లో వరి కోస్తారు. ఆ ధాన్యం ఇళ్ళకి చేరాక వచ్చే పండగ ఇది. మొదటి రోజు తెల్లవారకముందే వీధిలో మంట వేస్తాం. రెండో రోజు కొత్త బియ్యం వండి, పోయిన పెద్దలకి కొత్త బట్టలు పెట్టి మొక్కుతాం. మూడో రోజు పశువులది. మార్చిలో నా పని ఆగిపోతే రెండు రాత్రులు కూర్చుని దారిలో పెట్టావు. ఈ పండగ పూట తలుచుకోవలసిన వాళ్ళలో నువ్వు ఉన్నావు. మీ ఇల్లు చల్లగా ఉండాలి.’

ఇంతే చాలు. పురాణం చెప్పనక్కర్లేదు, ఉత్తరాయణం గురించి వ్యాసం రాయనక్కర్లేదు. ఫోటో ఒకటి జతచేస్తే దాని కింద అదేమిటో ఒక మాట రాయండి. గొబ్బెమ్మ చూసి అది మిఠాయేమో అనుకునేవాళ్ళు ఉంటారు.

విదేశం నుంచి ఊరికి రాసేవాళ్ళు మరీ మరిచిపోయేది పొలంలో దిగినవాళ్ళని. కౌలుదారుకో, కోత చేయించిన బంధువుకో రాసే నాలుగు మాటలు అసలైన పండగ పలకరింపు:

‘బాబయ్యా, వానకి పడిపోయిన చేలో మిషను దిగదని తెలిసి, మనుషుల్ని పోగేసి చేత్తో కోయించావు. లేకపోతే గింజలు అక్కడే మొలకెత్తిపోయేవి. పిన్నికీ పిల్లలకీ పండగ బట్టలకి అమ్మ చేతికి డబ్బులు పంపాను. కోతకొచ్చిన వాళ్ళకి ఇవ్వాల్సింది వేరే పంపాను, కల్లం దగ్గర నీ చేత్తో ఇయ్యి.’

ఇలాంటివి ఊళ్ళో ఎవరో ఒకరు పైకి చదివి వినిపిస్తారని గుర్తుపెట్టుకుని రాయాలి. వాక్యాలు చిన్నవిగా ఉండాలి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తే చదివే పిల్లాడు తడబడతాడు, వినే మామ్మకి సగం అందదు. పెద్దవాళ్ళ పేర్లు వరస తప్పకుండా రావాలి. పెదనాన్న పేరు చిన్నాన్న తరవాత వచ్చిందంటే ఆ మాట ఉగాది దాకా నడుస్తుంది. రాయడం కుదరకపోతే ముప్ఫై, నలభై సెకన్ల వాయిస్ మెసేజ్ పెట్టండి. అంతకు మించితే మళ్ళీ మళ్ళీ వినరు.

ఏడాది లోపు మనిషి పోయిన ఇంటికి పండగ శుభాకాంక్షలు పంపకూడదు. ఆ ఇంట ఆ ఏడు పండగ చేసుకోరు. గుంపులో అందరికీ పెట్టే మెసేజ్‌తో జరిగే పెద్ద నొప్పి ఇదే. ఆ ఇంటివాళ్ళకి విడిగా ఫోన్ చేసి, పోయినవాళ్ళని తలుచుకుని, బాగోగులు అడిగితే సరిపోతుంది. ఇంకొక సంగతి: వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ లిస్టు పెట్టి పంపితే, మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే అది చేరుతుంది. విదేశీ స్నేహితులకి చేరలేదంటే చాలాసార్లు కారణం అదే.

భోగి మంట వీడియో తీసేవాళ్ళు మంటని వెనక పెట్టి మనుషుల్ని ముందు నిలబెడతారు. ఫోను ఆ వెలుగుకి సర్దుకుని మొహాలన్నీ నల్లగా చేసేస్తుంది. మంట పక్కగా ఉండి, దాని వెలుగు మొహాల మీద పడేలా నిలబెట్టండి. తెర మీద ఎవరి మొహం మీదైనా వేలు కాసేపు నొక్కి ఉంచితే వెలుతురు అక్కడికి కుదురుకుంటుంది. ఇరవై సెకన్లు చాలు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది, డాక్యుమెంటుగా పంపితే తీసింది తీసినట్టు వెళ్తుంది. తప్పెటగుళ్ళ వాళ్ళు ఊళ్ళోకి వస్తే ఫోను వాళ్ళకి మరీ దగ్గరగా పెట్టకండి. గుండెల మీద కట్టుకున్న ఆ రేకు తప్పెట మోతకి మైకు తట్టుకోక శబ్దం బద్దలవుతుంది. నాలుగైదు గజాలు వెనక్కి జరిగితే అడుగుల వరసా కనిపిస్తుంది, పాటా వినిపిస్తుంది.

ఇక పార్సిలు. దీని మీద కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే డబ్బూ శ్రమా పోయేది ఇక్కడే.

దూరం పంపడానికి అరిసెలంత అనువైనది ఇంకొకటి లేదు. కొరియర్లు బరువొక్కటే చూడరు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు, వచ్చిన కిలోలు అసలు బరువు కన్నా ఎక్కువైతే దానికే డబ్బు తీసుకుంటారు. 40, 30, 20 సెంటీమీటర్ల పెట్టె ఇలా 4.8 కిలోలవుతుంది. దాని నిండా జంతికలు వేస్తే అసలు బరువు అందులో సగం కూడా ఉండకపోవచ్చు, పైగా చేరేసరికి పొడి అవుతాయి. అరిసెలు ఒకదాని మీద ఒకటి అతుక్కుని కూర్చుంటాయి, కట్టిన డబ్బుకి తగ్గ సరుకు వెళ్తుంది.

పార్సిలు అరిసెలకి పాకం ఇంట్లో తినే వాటికన్నా ఒక వీసం ముదరాలి. కిలో లావు బియ్యం ఒక రోజంతా నానబెట్టి, మధ్యలో రెండుసార్లు నీళ్ళు మార్చాలి. వార్చి, బట్ట మీద నీడన పావుగంట ఆరబెట్టి, తడి ఉండగానే దంచడమో మరపట్టించడమో చెయ్యాలి. పిండి గుప్పిట పడితే ముద్దగా నిలవాలి. పిండి ఆరిపోయిందంటే పాకం ఎంత బాగా వచ్చినా అరిసె గట్టిపడుతుంది. ముప్పావు కిలో బెల్లానికి గ్లాసు నీళ్ళు పోసి, కరిగాక వడకట్టి మళ్ళీ పొయ్యి మీద పెట్టండి. పళ్ళెంలో చల్లటి నీళ్ళు పోసి అందులో చుక్క వేస్తే, వేళ్ళతో కూడదీసినప్పుడు మెత్తటి ఉండ కావాలి. పార్సిలుకైతే ఆ ఉండ చేతిలో పట్టుకున్నా జారకుండా నిలవాలి. టక్కుమని శబ్దం వచ్చేదాకా మాత్రం పోనివ్వొద్దు. దింపేసి, రెండు చెంచాల నెయ్యి, గుప్పెడు నువ్వులు వేసి, పిండి కొద్దికొద్దిగా పోస్తూ కలపాలి. మొదటి అరిసె నూనెలో విడిపోతే పాకం లేతగా ఉన్నట్టు. ఇంకాస్త పిండి కలిపితే కొంత సర్దుకుంటుంది.

తీసిన వెంటనే చెక్కల మధ్య గట్టిగా నొక్కాలి. అరిసె పాడయ్యేది ఎక్కువగా లోపల మిగిలిన నూనె వల్ల, అది కొన్నాళ్ళకి మక్కు వాసన వేస్తుంది. ఆ తరవాత పరిచి పూర్తిగా చల్లారనివ్వాలి. వెచ్చగా ఉండగా మూత పెడితే ఆవిరి పట్టి బూజు వస్తుంది. నాలుగేసి అరిసెలకి మధ్య బటర్ పేపరు వేసి, సంచిలో గాలి తీసి, డబ్బాలో కదలకుండా సర్దండి. పండగకి మూడు వారాల ముందే పోస్టాఫీసుకి వెళ్ళిపోవాలి.

పంపకూడనివి కూడా తెలియాలి. వరి కంకుల కుచ్చులు, రేగిపళ్ళు, తేగలు, చెరుకు ముక్కలు, పిడకలు ఏ దేశానికీ పెట్టకండి. గింజ, ఆకు, పచ్చిది, పేడ అంటే పురుగో తెగులో వెంట వస్తుందని ఆపేస్తారు. కొత్త బియ్యం ఒక పిడికెడు మూట కట్టి పంపాలని చాలామందికి ఉంటుంది. నిల్వ ధాన్యాన్ని తినేసే ఖాప్రా పురుగు భయంతో మన దేశం బియ్యాన్ని ఇళ్ళవాళ్ళు అమెరికాకి పంపడం, తీసుకెళ్ళడం అక్కడ నిషేధించారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పాల సరుకులకి మరీ కఠినం, అక్కడికి కోవా మిఠాయిలు వద్దు. పెట్టె మీద ‘ఇంట్లో చేసిన మిఠాయి, బహుమతి’ అని, లోపల ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా రాయండి. దాచిపెట్టినది దొరికితే పెట్టె మొత్తం పోతుంది.

మనం పంపడమే కాదు, వాళ్ళ పంట పండగకి మనం గుర్తుంచుకుని పలకరించడం నా దృష్టిలో ఇంకా ముఖ్యం. అమెరికా థాంక్స్‌గివింగ్ నవంబరులో నాలుగో గురువారం, చివరి గురువారం కాదు. 1863లో లింకన్ చివరి గురువారమనే ప్రకటించాడు, 1941లో చట్టం చేసి నాలుగోది ఖాయం చేశారు. 2023లో చివరి గురువారం 30న వచ్చింది, పండగ 23నే జరిగింది. అక్కడి మూలవాసుల్లో కొందరు 1970 నుంచి ఆ రోజుని సంతాప దినంగా పాటిస్తున్నారు, అలాంటి స్నేహితులు ఉంటే తెలుసుకుని రాయండి. కొరియా వాళ్ళ చుసాక్ ఎనిమిదో చాంద్రమాసం పున్నమికి. వాళ్ళూ కొత్త బియ్యప్పిండితోనే, అర్ధచంద్రాకారంలో, పైన్ ఆకుల మీద ఆవిరికి సాంగ్‌ప్యాన్ వండుతారు, పోయిన పెద్దలకి పెడతారు. మన సంక్రాంతికి అంత దగ్గరి పండగని ‘చైనా చంద్రుడి పండగ’ అని పలకరిస్తే వాళ్ళు నొచ్చుకుంటారు. జపాన్‌లో నవంబరు 23 శ్రమకి కృతజ్ఞత చెప్పే సెలవు. 1948లో ఆ పేరు పెట్టకముందు అది కొత్త బియ్యం నైవేద్యం పెట్టే రోజు.

అంత దూరం కూడా వెళ్ళనక్కర్లేదు. మన సరిహద్దు దాటితే ఒడిశా. అక్కడి పశ్చిమ జిల్లాల్లో వినాయక చవితి మర్నాడు కొత్త పంట తినే పండగ నుఆఖాయ్, ఆ స్నేహితులకి ‘నుఆఖాయ్ జుహార్’ అనండి. సీతంపేట కొండల్లో సవర గిరిజనులు కంది కొత్తల పండగ చేసేదాకా కొత్త కందులు నోట పెట్టరు. అక్కడ చదివి, ఇప్పుడు ఎక్కడో దూరాన ఉద్యోగం చేసుకుంటున్న సవర పిల్లలకి ఆ పండగ పేరుతో పలకరింపు చాలా తక్కువగా వస్తుంది.

2026 క్యాలెండరులో రాసిపెట్టుకోవలసినవి: చుసాక్ సెప్టెంబరు 25, కెనడా థాంక్స్‌గివింగ్ అక్టోబరు 12, జపాన్ సెలవు నవంబరు 23, అమెరికా థాంక్స్‌గివింగ్ నవంబరు 26. సంక్రాంతి పార్సిళ్ళకి బియ్యం నానబెట్టడం డిసెంబరు రెండో వారంలో.