పద్నాలుగు అంకెల కోసం నాలుగు ప్రయాణాలు

నిన్న సాయంత్రం విశాఖ నుంచి మా సీహెచ్ఏ, అంటే కస్టమ్స్ పనులు చూసే ఏజెంటు, ఫోన్ చేశాడు. కంటైనర్‌కి కస్టమ్స్ అనుమతి వచ్చేసిందట, ఇక ఓడెక్కడమే తరువాయి. అంబాజీపేట చుట్టుపక్కల కొబ్బరి డొక్కల్లోంచి పీచు తీశాక మిగిలే పొట్టు ఒకప్పుడు రోడ్డు పక్కన గుట్టలుగా పడి ఉండేది. దాన్నే కడిగి, ఆరబెట్టి, అయిదు కిలోల దిమ్మలుగా నొక్కి కొరియాకి పంపుతున్నాను. గర్వంగా ఉంది, దాచుకోను.

ఎగుమతి చేయడానికి ముందు కావాల్సిన ఐఈసీ నంబరు ఒక్క సాయంత్రం పని. విదేశీ వాణిజ్యం చూసే ప్రభుత్వ విభాగం డీజీఎఫ్‌టీ సైట్‌లో 500 రూపాయలు కట్టాను, పాన్ నంబరే ఐఈసీ నంబరుగా వచ్చింది. దీనికే వేలకు వేలు అడిగే ఏజెంట్లు మా ఊళ్లో ఉన్నారు, ఇవ్వకండి. కాకపోతే ప్రతి ఏడాదీ ఏప్రిల్-జూన్ మధ్య ఆ సైట్‌లోకి వెళ్లి వివరాలు సరిచూసి ఖరారు చేయాలి, మరిచిపోతే ఐఈసీ ఆగిపోతుంది. పన్ను కట్టకుండా సరుకు పంపడానికి జీఎస్టీలో ఎల్‌యూటీ అనే హామీ పత్రం పది నిమిషాల్లో అయింది, అదీ ఏటేటా చేసుకోవాల్సిందే. కాయర్ బోర్డులో నమోదైనట్టు ఇచ్చే ఆర్‌సీఎంసీ సర్టిఫికెట్ కూడా తిప్పలు పెట్టలేదు.

నన్ను ఏడిపించింది ఏడీ కోడ్.

విదేశీ డబ్బు మీ ఖాతాలోకి ఏ బ్యాంకు ద్వారా వస్తుందో కస్టమ్స్‌కి తెలియాలి. అందుకు బ్యాంకు తన లెటర్‌హెడ్ మీద పద్నాలుగు అంకెల కోడ్ రాసిస్తుంది, దాన్ని కస్టమ్స్ వాళ్ల సైట్ ఐస్‌గేట్‌లో పెట్టాలి. అది లేకపోతే సరుకు పంపడానికి కస్టమ్స్‌లో వేసే షిప్పింగ్ బిల్లే పుట్టదు. మా ఊరి బ్రాంచిలో ఆ మాటే ఎవరూ వినలేదు. పెద్ద బ్రాంచికి వెళ్లమన్నారు. రావులపాలెం మీదుగా రెండు బస్సులు మారి వెళ్లాను. కౌంటర్లో ఆయన ఫైలు తెరవకుండానే, "మీ వారు రాలేదా అమ్మా?" అన్నాడు. వ్యాపారం నాది, సంతకం నాది అన్నాను. "పొట్టు ఫారిన్ వాళ్లు కొంటారా?" అని పక్కాయనతో నవ్వాడు. వెనక లైన్లో నిలబడ్డ వాళ్లూ నవ్వారు. ఆ రోజు రెండున్నర గంటలు నిలబడ్డాను, కూర్చోమని ఒక్కరూ అనలేదు.

రెండోసారి వెళితే సంతకం పెట్టే ఆఫీసర్ సెలవు. మూడోసారి లెటర్ చేతికొచ్చింది. సంబరంగా పంపిస్తే సీహెచ్ఏ అరగంటలో ఫోన్ చేసి, "అక్కా, అంకెలు పదమూడే ఉన్నాయి" అన్నాడు. రాత్రి అన్నం సహించలేదు. కొరియా ఆయన సరుకు ఎప్పుడొస్తుందని మెయిల్ మీద మెయిల్ పెడుతున్నాడు, నేనేమో ఒక్క అంకె దగ్గర ఆగిపోయాను.

నాలుగోసారి కొత్త లెటర్ తీసుకుని, కౌంటర్ దగ్గరే వేలు పెట్టి పైకి లెక్కపెట్టాను. ఖాతా నంబరు, పాన్‌లో ఉన్నట్టే పేరు, సంతకం, ముద్ర, అన్నీ చూసుకున్నాను. "మా మీద నమ్మకం లేదా అమ్మా?" అన్నాడాయన. "పోర్టులో నా నమ్మకం చెల్లదండీ, అంకెలే చెల్లుతాయి" అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మీరు వెళ్లేటప్పుడు పాత లెటర్ నమూనా ఒకటి పట్టుకెళ్లండి. నోటితో చెబితే వాళ్లకి ఎక్కదు. చదువుకున్న ఉద్యోగి తెలియదని ఒప్పుకోవడానికి సిగ్గుపడి, ఆ సిగ్గు మన మీద కోపంగా చూపించడం నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు.

ఆ తర్వాతవన్నీ చకచకా జరిగాయి. కొనేవాళ్లు సరుకులో పురుగూ తెగులూ లేవని చెప్పే ఫైటో సర్టిఫికెట్ అడిగారు, ప్లాంట్ క్వారంటైన్ వాళ్లు సరుకు చూసి ఇచ్చారు. చెక్క ప్యాలెట్ల మీద గోధుమ కంకి గుర్తు, వేడిచేసినట్టు హెచ్‌టీ అక్షరాలు ఉన్నాయో లేదో మాత్రం మీ కళ్లతో మీరే చూసుకోండి. ముద్ర లేనివి కూడా తక్కువ ధరకి అంటగడతారు, నేను ఆరు వెనక్కి పంపాను. ఇన్వాయిస్‌లో, ప్యాకింగ్ లిస్టులో, షిప్పింగ్ బిల్లులో బరువు ఒక్కలాగే ఉండాలి.

సరుకు ఓడెక్కినట్టు ఓడ కంపెనీ ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్ వచ్చాక కాగితాలన్నీ మళ్లీ ఆ బ్రాంచికే పట్టుకెళ్లాలి. ఒక్కదాన్నే వెళతాను. ముందు కుర్చీ లాక్కుని కూర్చుంటాను, ఆ తర్వాతే ఫైలు తెరుస్తాను.